చేతులు ఖాళీగా వెళ్లినవారు

వాక్యభాగం: ద్వితీయోపదేశకాండము 15:12-18



ఈ నెల వాక్యం పంచుకొమ్మని పాస్టరుగారు అడిగినప్పుడు, "అయ్యగారూ, నేను సేవకుణ్ణి కాను, కంప్యూటర్ల మీద పనిచేసుకునేవాణ్ణి" అన్నాను. "అయితే పని గురించే చెప్పండి" అన్నారాయన. పని గురించి చెప్పాలంటే నేను దాచుకున్న ఒక సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. రెండు వారాలు ప్రార్థించాను. చెప్పకుండా తప్పించుకునే దారి ప్రభువు చూపించలేదు.

ముందు ఒక చిన్న పని చేయండి. మీ బాత్రూంలో వేలాడుతున్న తువ్వాలు అంచున ఉన్న లేబుల్ చూడండి. ఇండియా అని ఉండొచ్చు, పాకిస్తాన్ అనో చైనా అనో ఉండొచ్చు. ఇండియా అని కనిపిస్తే మనకు కాస్త సంతోషంగానే ఉంటుంది. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ వైపు పత్తి చేలు చూసి పెరిగినవాళ్లం కదా. అమెరికా అని ఉన్న తువ్వాలు మాత్రం మీకు దొరకడం కష్టం. ఒకప్పుడు ఈ దేశంలో తువ్వాలు అంటే మన షార్లెట్ నుంచి ఎయిటీఫైవ్ హైవే మీద అరగంట వెళ్తే వచ్చే కనాపొలిస్ అనే ఊరే. అక్కడి క్యానన్ మిల్లు తువ్వాళ్లు వాడని ఇల్లు ఉండేది కాదంటారు. ఆ ఊరే మిల్లు కోసం పుట్టింది. ఇళ్లు మిల్లువి, వీధులు మిల్లువి. 1984 దాకా దానికి మునిసిపాలిటీ కూడా లేదు. వరంగల్ ప్రాంతం వాళ్లకు ఆజంజాహి మిల్లు అంటే ఏమిటో తెలుసు కాబట్టి ఇలాంటి ఊరు ఎలా ఉంటుందో ఊహించుకోగలరు. మిల్లు కూత కూస్తే ఊరు లేస్తుంది, మిల్లు ఆగితే ఊరు ఆగుతుంది.

2003 జూలై 30న ఆ మిల్లు ఆగింది. అప్పటికి దాని యాజమాన్యం పిల్లోటెక్స్ అనే కంపెనీ చేతిలో ఉంది. బయటి దేశాల నుంచి చౌకగా వచ్చే సరుకుతో పోటీ పడలేక, మీద పడిన అప్పులు తీర్చలేక అది తలుపులు మూసేసింది. ఉత్తర కెరొలినాలోనే నాలుగు వేలకు పైగా మందికి ఒక్క రోజులో పని పోయింది. ఈ రాష్ట్ర చరిత్రలో ఒకేసారి అంతమందికి పని పోవడం అదే మొదలు. వాళ్లలో చాలామందికి హైస్కూలు పట్టా లేదు. పదహారు పదిహేడేళ్లకే మిల్లులో చేరిపోయారు, మిల్లు ఉన్నంతకాలం పట్టా అక్కర్లేకపోయింది. భార్యాభర్తలిద్దరూ అదే మిల్లులో పనిచేసిన కుటుంబాలు ఎన్నో. రెండు జీతాలూ ఒకే రోజున ఆగిపోయాయి. ఆ మిల్లు ఇప్పుడు లేదు. కూల్చేశారు. ఆ స్థలంలో పెద్ద పరిశోధనా కేంద్రం కట్టారు. మనలో కొందరు పిల్లల్ని తీసుకుని దాని పక్కగా వెళ్లే ఉంటారు.

ఇప్పుడు వాక్యానికి వద్దాం. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయుల యజమానులతో మాట్లాడుతున్నాడు. నీ సహోదరుడు నీకు అమ్ముడుపోయి ఆరేళ్లు పనిచేస్తే, ఏడో ఏట వాణ్ణి విడిచిపెట్టు అంటున్నాడు. మనం సాధారణంగా అక్కడికే ఆగిపోతాం. విడుదల దొరికింది, స్తోత్రం అంటాం. దేవుడు అక్కడ ఆగలేదు. వెళ్లేవాణ్ణి ఏమీ లేకుండా పంపకూడదని, మందలోనుంచి, కళ్లంలోనుంచి, ద్రాక్ష తొట్టిలోనుంచి ధారాళంగా ఇచ్చి పంపాలని 13, 14 వచనాల్లో ఆజ్ఞాపించాడు.

మూడూ వేర్వేరు చోట్లు, గమనించండి. కళ్లంలోది ధాన్యం. అది ఇవాళ రాత్రి వండుకోవడానికి. మందలోది గొర్రెపిల్ల. అది పెరిగి పిల్లలు పెడితే వచ్చే ఏడుకు బ్రతుకుతెరువు. ద్రాక్షరసం మాత్రం ఆకలికీ కాదు, పెట్టుబడికీ కాదు. అది పండుగకు. పని పోయినవాడు కూడా తన ఇంట్లో విందు చేసుకోగల మనిషేనని దేవుడు అనుకుంటున్నాడు. నాకు ఈ మూడోది చాలా ఇష్టం. మనుషులు చేసే ఏ చట్టంలోనూ నాకు ఇది కనబడలేదు.

మొదటి రెండూ మాత్రం ఈ దేశం ఒక చట్టంలో రాసుకుంది. దాని పేరు ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్. మనలో చాలామంది ఈ పేరు విని ఉండరు, విని ఉండాల్సిన అవసరం మనకు రాలేదు కనుక. 1962లో కెనెడీ ప్రభుత్వం దిగుమతి సుంకాలు తగ్గించే చట్టం తెచ్చినప్పుడు దీన్ని అందులో పెట్టారు. వాళ్ల వాదన సూటిగా ఉంది. బయటి సరుకు చౌకగా వస్తే దేశమంతా లాభపడుతుంది. ఒకరికి చొక్కా మీద రెండు డాలర్లు, మరొకరికి టీవీ మీద యాభై డాలర్లు మిగులుతాయి. నష్టం మాత్రం దేశమంతటికీ పంచిపెట్టినట్టు రాదు. అది ఒక ఊరి మీద, ఒక వీధి మీద, ఒక ఇంటి మీద పడుతుంది. అందరి లాభం కోసం దేశం తీసుకున్న నిర్ణయానికి కొందరే మూల్యం చెల్లించడం న్యాయం కాదు కాబట్టి లాభపడినవాళ్లు నష్టపోయినవాళ్లకు చేయి అందించాలి. ఈ మాట వినగానే నాకు 14వ వచనం చివరి భాగం గుర్తుకొస్తుంది. ప్రభువు నిన్ను దీవించిన కొలదిగా వానికి ఇవ్వాలని అక్కడి భావం. ఇచ్చేది జాలితో కాదు, పొందిన దీవెన లెక్కలోనుంచి.

రాసుకోవడం ఒకటి, చేయడం మరొకటి. 1962లో చట్టం వచ్చింది. 1969 దాకా ఒక్క కార్మికుడికి కూడా దాని కింద అర్హత దొరకలేదు. ఏడేళ్లు! షరతులు అంత బిగుతుగా పెట్టారు. 1974లో ఆ షరతులు సడలించాక గాని తలుపు నిజంగా తెరుచుకోలేదు. ఇశ్రాయేలీయులు మాత్రం ఏం తక్కువ తిన్నారు? యిర్మీయా 34వ అధ్యాయం చదవండి. దాసులను విడిచిపెడతామని దేవుని ముందు నిబంధన చేసి, విడిచిపెట్టి, మళ్లీ వెళ్లి పట్టుకొచ్చుకున్నారు.

తలుపు తెరుచుకున్నాక అది పనిచేసిన తీరు ఇది. పని పోయినవాళ్లలో ముగ్గురు కలిసి సంతకం పెట్టి కార్మిక శాఖకు అర్జీ పంపాలి. యూనియన్ పంపవచ్చు, కంపెనీ పంపవచ్చు, రాష్ట్ర ఉపాధి కార్యాలయం పంపవచ్చు, ఎవరూ పంపకపోతే ముగ్గురు మామూలు మనుషులు చాలు. ముప్పేట తాడు త్వరగా తెగదని ప్రసంగి 4:12లో ఉన్నది నాకు ఇక్కడ జ్ఞాపకం వస్తుంది. శాఖ కంపెనీని ప్రశ్నించి, పని నిజంగా దిగుమతుల వల్లో విదేశాలకు తరలడం వల్లో పోయిందా అని విచారిస్తుంది. అవునని తేలితే ఆ గుంపుకు ధ్రువీకరణ ఇస్తుంది. తరువాత ఎవరికి వారు వెళ్లి దరఖాస్తు చేసుకోవాలి. కొత్త పని నేర్చుకోవడానికి కాలేజీ ఫీజు కడతారు. నిరుద్యోగ భృతి అయిపోయాక కూడా, చదువులో ఉన్నంతకాలం ఒక పరిమితి వరకు వారం వారం కొంత డబ్బు ఇస్తారు. వేరే ఊళ్లో పని దొరికితే ఇల్లు మారే ఖర్చులో ఎక్కువ భాగం భరిస్తారు. యాభై దాటినవాళ్లు తక్కువ జీతానికి మరో పనిలో చేరితే, పాత జీతానికి కొత్త జీతానికి మధ్య తేడాలో సగం కొంతకాలం ఇచ్చే ఏర్పాటు 2002 తరువాత వచ్చింది. ధాన్యం ఉంది, గొర్రెపిల్ల ఉంది.

కనాపొలిస్ కార్మికులు అలాగే రోవన్-కబారస్ కమ్యూనిటీ కాలేజీకి వెళ్లారు. నలభై, యాభై ఏళ్లవాళ్లు హైస్కూలు పరీక్షకు కూర్చున్నారు. మనవళ్లతో పాటు హోంవర్కు చేశారు. అందరి కథా బాగా ముగియలేదు. చదువు పూర్తి చేసినా పాత జీతం రానివాళ్లు ఎందరో. ఈ పథకం వల్ల ఎంత మేలు జరిగిందన్న దానిమీద ఆర్థికవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఒక్కడి సంగతి మాత్రం నాకు దగ్గరగా తెలుసు.

నేను ఎమ్మెస్ అయ్యాక షార్లెట్‌లో ఒక కంపెనీలో చేరాను. 2014లో ఆ కంపెనీ తన హెల్ప్‌డెస్క్ పనిని హైదరాబాదుకు పంపాలని నిర్ణయించింది. పని అప్పగింతకు, అదే మనం నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటాం కదా, నన్ను పెట్టారు. అప్పగించేవాడు యాభై మూడేళ్ల పెద్దాయన. పేరు రాయను. పద్దెనిమిదో ఏట క్యానన్ మిల్లులో చేరి, 2003లో పని పోయి, నేను పైన చెప్పిన సాయంతో రెండేళ్లు కంప్యూటర్ కోర్సు చదివి హెల్ప్‌డెస్క్‌లో చేరినవాడు. "మొదటిసారి నా పని తువ్వాళ్లతో పాటు పోయింది, ఈసారి ఫోన్లతో పాటు పోతోంది" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వుకు ఏం జవాబు చెప్పాలో నాకు తెలియలేదు.

ఆరు వారాలు పక్కపక్కన కూర్చున్నాం. దేన్నీ దాచుకోలేదాయన. ఏ బ్రాంచిలో ఏ ప్రింటర్ మొరాయిస్తుందో, ఏ మేనేజరుకు ఫోన్‌లో ఎలా మాట్లాడితే శాంతిస్తాడో, డాక్యుమెంట్లలో ఎక్కడా లేని సంగతులన్నీ చెప్పాడు. అవన్నీ ఒక నోటుబుక్కులో చేత్తో రాసుకుని ఉన్నాడు. నాలుగో వారంలో భోజనాల దగ్గర నన్నడిగాడు: "మేం ముగ్గురం అర్జీ పెడుతున్నాం. పని ఏ దేశానికి పోతోందో, ఎప్పటినుంచి పోతోందో అందులో రాయాలి. మాకు కంపెనీ కాగితం మీద ఏమీ ఇవ్వలేదు. నీకు తేదీలు తెలుసు. ఒక్క లైను ఈమెయిల్ పెట్టగలవా?"

నాకు తేదీలు తెలుసు. హైదరాబాదులో ఏ టీములో ఎంతమందిని తీసుకున్నారో కూడా తెలుసు. నా హెచ్-వన్ పొడిగింపు కాగితాలు అప్పుడు కంపెనీ లాయరు దగ్గర ఉన్నాయి. "నాకు సరిగ్గా తెలియదండీ, మేనేజర్ని అడగండి" అన్నాను.

ప్రధానయాజకుని ఇంటి ముంగిట్లో పేతురు చలి కాచుకుంటూ అన్నది కూడా తెలియదనే. నేను కాచుకున్న మంట నా వీసా.

ఆ తరువాత ఆదివారం సంఘంలో నేను సాక్ష్యం చెప్పాను. నా పొడిగింపు వచ్చిందనీ, కొత్త ప్రాజెక్టు నా చేతికి వచ్చిందనీ, ప్రభువు అద్భుతం చేశాడనీ చెప్పాను. మీరంతా హల్లెలూయ అన్నారు. మీలో కొందరికి గుర్తుండవచ్చు. ఆ ప్రాజెక్టు ఎవరి చేతిలోనుంచి నా చేతికి వచ్చిందో నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

చివరి రోజున ఆయన తన నోటుబుక్కు నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. "నీకు పనికొస్తుంది" అన్నాడు. అర్జీ మీద మూడో సంతకం అదే రోజు పార్కింగ్‌లో కారు బానెట్ మీద పెట్టించుకున్నాడని తరువాత తెలిసింది. ఆ మూడో ఆవిడ, కంపెనీ చివర్లో ఇచ్చే డబ్బు ఆగిపోతుందేమోనని అప్పటిదాకా భయపడిందట.

సహోదరులారా, ద్వితీయోపదేశకాండము 15 చదివిన ప్రతిసారీ నేను ఇక్కడే ఆగిపోతాను. పంపించే కంపెనీ, మిగిలిపోయిన నేను, ఇద్దరం ఆయన చేతిలో ఏమీ పెట్టలేదు. వెళ్లిపోయేవాడే ఉండేవాడి చేతులు నింపి వెళ్లాడు. 18వ వచనంలో దేవుడు యజమానికి ఒక లెక్క గుర్తుచేస్తాడు: వాడు నీకు కూలివానికంటె రెండింతలు లాభం తెచ్చాడు కనుక ఇచ్చి పంపడం నీకు కష్టం అనిపించకూడదని. ఆ నోటుబుక్కుతో నేను రెండేళ్లు బతికాను.

ఆ అర్జీ ఏమైందో కూడా చెప్పాలి. తిరస్కరించారు. నా ఈమెయిల్ లేనందువల్ల కాదు. 2009లో ఈ చట్టాన్ని విస్తరించి, కర్మాగారాల వాళ్లతో పాటు సేవల రంగంలో పని పోయినవాళ్లనూ చేర్చారు. అంతకుముందు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల విషయంలోనూ పెద్ద తగాదా నడిచింది. భారతదేశానికి పని తరలిపోయిన కొందరు ప్రోగ్రామర్లు అర్జీ పెడితే, మీరు చేసినది వస్తువు కాదు పొమ్మన్నది కార్మిక శాఖ. సాఫ్ట్‌వేర్‌ను డిస్కు మీద పెట్టి అమ్మితే వస్తువట, వైరులో పంపితే కాదట. వాళ్లు కోర్టుకు వెళ్లారు. 2006లో శాఖ తన పద్ధతి మార్చుకుంది. అంటే ఈ తలుపు మన పరిశ్రమవాళ్లకు తెరుచుకున్నది మన దేశానికి పని పోగొట్టుకున్నవాళ్లు పోరాడినందువల్ల. కానీ విస్తరించిన ఆ చట్టానికి గడువు ఉంది. 2013 చివరికి అది ముగిసింది. 2014లో పాత షరతులే మళ్లీ వచ్చాయి. తువ్వాలు నేసినప్పుడు ఆయన లెక్కలో ఉన్నాడు, ఫోన్ ఎత్తి సాయం చేసినప్పుడు లెక్కలో లేడు. 2015 జూన్ చివర్లో కొత్త చట్టం వచ్చి, ఆ మధ్యలో తిరస్కరించిన అర్జీలను తిరిగి చూడమంది. 2016లో ఒకరోజు గ్రోసరీ షాపులో ఆయన కనబడ్డాడు. "కాగితం వచ్చింది, కాస్త ఆలస్యంగా" అన్నాడు. అప్పటికే స్కూలు బస్సు నడుపుతున్నాడు. నా కొడుకు ఎలా ఉన్నాడని అడిగాడు. నేను ఆ ఈమెయిల్ సంగతి ఎత్తలేదు.

నా ఈమెయిల్ ఉన్నా ఆ రోజు అర్జీ నెగ్గేది కాదు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారి కూడా మనసు కుదుటపడలేదు.

మన మధ్య తరచు వినబడే ఒక మాట గురించి కూడా చెప్పాలి. ప్రభుత్వ సాయం తీసుకోవడం విశ్వాసికి తగదని, పనిచేయనివాడు తినకూడదని పౌలు రాశాడని అంటుంటారు. 2 థెస్సలొనీకయులకు 3:10 నెమ్మదిగా చదవండి. పౌలు మాట్లాడింది పనిచేయడానికి ఇష్టపడనివాని గురించి. ఇష్టపడినా పని దొరకనివాని గురించి మాట్లాడింది యేసు ప్రభువు. మత్తయి 20లో సాయంత్రం ఐదు గంటలకు సంతవీధిలో నిలబడి ఉన్నవాళ్లను యజమాని, ఎందుకిలా ఊరకే నిలుచున్నారని అడిగాడు. మమ్మల్ని ఎవరూ పిలవలేదయ్యా అన్నారు వాళ్లు. యజమాని వాళ్లను సోమరులని తిట్టలేదు. ఒక గంట పనికి ఒక గంట కూలి లెక్కకట్టనూ లేదు. ఇంటికి వెళ్లేటప్పటికి పిల్లలకు రొట్టె కావాలి, రొట్టెకు దేనారం కావాలి, అంతే ఆయన లెక్క. ఉదయం నుంచి పనిచేసినవాళ్లు సణుగుకున్నారు. ఆ సణుగుడు నాకు మన కాటేజ్ మీటింగుల్లో వినబడుతుంది. "మనం కట్టే పన్నులతో వీళ్లను మేపుతున్నారు" అంటాం. చౌక తువ్వాలు కొన్నది మనం, ఆ పని మన దేశానికి తెచ్చుకున్నది మనం, మేపుతున్నామని కూడా మనమే అంటే ఎలా?

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం నాకు ఈ మధ్య కొత్తగా కనబడుతోంది. రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు భాగం అందడం లేదు. వాళ్లు మనలాగే, పరదేశాలలో ఉండి వేరే భాష మాట్లాడే యూదుల ఇళ్ల ఆడవాళ్లు. అపొస్తలులు వాళ్లతో, ప్రార్థన చేసుకోండి అని ఊరుకోలేదు. పంపకం సరిచేసే బాధ్యత ఏడుగురికి అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నిర్లక్ష్యానికి గురైనవాళ్ల మధ్యనుంచే మనుషులను నిలబెట్టారు. ఆత్మతో నిండినవాళ్లు కావాలని కోరింది దేనికి? బోజనపు బల్లల దగ్గర లెక్క చూడడానికి. అర్జీలు నింపడం, క్యూలో పక్కన నిలబడడం కూడా పరిశుద్ధాత్మ పనేనని నేను నమ్ముతున్నాను.

ఇక ఇప్పటి సంగతి. 2022 జూలై 1 నుంచి ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ కింద కొత్త అర్జీలను ధ్రువీకరించడం ఆగిపోయింది. కాంగ్రెస్ దాన్ని పొడిగించలేదు. అప్పటికే అర్హత పొందినవాళ్లకే అది కొనసాగింది. అరవై ఏళ్ల తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. ఆ వారం మన ప్రార్థన అంశాల కాగితంలో అది లేదు. ఆ మరుసటి ఏడు నాకే ఉద్యోగం పోయింది. ఉత్తరం తెరిచి చదువుతుంటే పెద్దాయన గుర్తొచ్చాడు. మీరు ఆ రెండు నెలలూ నా ఇంటికి అన్నం తెచ్చారు, రాత్రుళ్లు ప్రార్థించారు, తెలిసిన ప్రతి మేనేజరుకూ నా రెజ్యూమె పంపారు. నాకు మందలోనుంచీ కళ్లంలోనుంచీ ఇచ్చారు. ఒక సహోదరి బిర్యానీ కూడా తెచ్చింది, దాన్ని నేను ద్రాక్షరసం కింద లెక్కేశాను. మీ మేలు మరువను. అయితే అదే వారంలో మన వీధిలోనే పని పోయిన అమెరికన్ పొరుగువాడి ఇంటికి మనలో ఒక్కరం కూడా వెళ్లలేదు.

పథకం పోయినా కొన్ని తలుపులు ఇంకా ఉన్నాయి. వందమందికి పైగా ఉన్న కంపెనీలు పెద్ద ఎత్తున తీసివేతలకు ముందు అరవై రోజుల నోటీసు ఇవ్వాలని 1988 చట్టం ఒకటి ఉంది, వార్న్ అంటారు. హెచ్-వన్ మీద ఉన్నవాళ్లకు పని పోయాక దొరికే గడువు కూడా అరవై రోజులే. రెండు వేర్వేరు చట్టాలు, ఒకే అంకె. కంపెనీలు మూతబడితే రాష్ట్ర ఉపాధి శాఖవాళ్లే కార్మికుల దగ్గరికి వచ్చి వివరాలు చెప్పే ఏర్పాటు ఉంది. తమ తప్పు లేకుండా పని పోయినవాళ్లకు శిక్షణ ఖర్చు ఇచ్చే ఫెడరల్ నిధి వేరే ఉంది, మన రాష్ట్రంలో ఎన్‌సీవర్క్స్ కేంద్రాలకు వెళ్లి అడగాలి. పాత పథకమంత ధారాళం కాదు. నిధులు అయిపోతే లేదంటారు. ఫారాలు ఇంగ్లీషులో, అదీ లాయరు ఇంగ్లీషులో ఉంటాయి. ఆన్‌లైన్‌లో పాస్‌వర్డు మూడుసార్లు తప్పు కొడితే ఖాతా మూసుకుపోతుంది. అరవై ఏళ్ల మనిషి అక్కడే ఏడ్చి లేచిపోతాడు. మనకు చేతనైన పని ఇదే కదా? మన ఫెలోషిప్‌లో కంప్యూటర్ తెలియని ఇల్లు ఏది?

పెద్దలతో మాట్లాడాను. ప్రతి నెల రెండో శనివారం ఉదయం పది గంటలనుంచి ఒంటిగంట దాకా ఫెలోషిప్ హాలు తెరిచి ఉంచడానికి ఒప్పుకున్నారు. మన చర్చి పక్కనున్న అమెరికన్ సంఘం పాస్టరుగారు తమ బులెటిన్‌లో వేస్తానన్నారు. పని పోయినవాళ్లు ఎవరైనా రావచ్చు. ఏ దేశంవాళ్లు, ఏ మతంవాళ్లు అని అడగం. నలుగురు ల్యాప్‌టాప్‌లతో కావాలి, ఇద్దరు ఫోన్ దగ్గర కావాలి, పిల్లల్ని చూసుకోవడానికి ఒక సహోదరి కావాలి. పులిహోర నేను తెస్తాను. పేర్లు ఈ వారంలోగా యూత్ లీడరుకు ఇవ్వండి.

ఇంకొక్క ప్రార్థన మనవి. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, నీ సహోదరునికి నీమీద విరోధమున్నదని జ్ఞాపకం వస్తే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లమని మత్తయి 5:23-24లో ప్రభువు చెప్పాడు. ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాక, సగంలో ఆపి, పెద్దాయనకు ఫోన్ చేశాను. నంబరు మారలేదు. నోటుబుక్కు ఇంకా నా దగ్గర ఉందంటే నమ్మలేదు. నేను ఒక విషయం మాట్లాడాలి, వచ్చి కలవొచ్చా అని అడిగాను. శనివారం మధ్యాహ్నం బస్సు ఉండదు, రమ్మన్నాడు. వచ్చే శనివారం కనాపొలిస్ వెళ్తున్నాను. నా కోసం ప్రార్థించండి.